ఆఖరి పట్టు

ఒక బోల్టుని ఎంత బిగించాలన్న దాని మీద తండ్రీ కూతుళ్ళకి మాటలు ఆగిపోతాయంటే ఎవరూ నమ్మరు. తొంభై ఆరు వానాకాలంలో, భిలాయి సెక్టర్ ఆరులోని మా క్వార్టర్లో, అదే జరిగింది. అమ్మ ఇప్పటికీ దాన్ని "మీ నట్ల తగువు" అంటుంది. ఆవిడకి నట్టూ బోల్టూ ఒకటే.

మా నాన్న గురునాథరావు స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో ఫిట్టరు. అక్కడి బోల్టులు తాటికాయంత ఉంటాయి. పానాకి ఇనప గొట్టం తొడిగి ఇద్దరు ముగ్గురు వేలాడితే గాని కదలవు. నాన్న గ్యాంగులో ఒక ఆచారం ఉండేది. పని ఎవరు చేసినా సరే, వదిలే ముందు అందరికంటే పెద్దవాడు వచ్చి ప్రతి బోల్టుకీ తన చేత్తో ఒక పట్టు వెయ్యాలి. దాన్ని ఆఖరి పట్టు అనేవారు. అది పడ్డాక ఆ పని పెద్దవాడిది. రేపు ఏదైనా ఊడితే మాట పడేది అతనే గాని కుర్రాళ్ళు కాదు. చాలాకాలంగా ఆ పట్టు మా నాన్నదే. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, "సింహాద్రప్పన్నా" అని ఒక్క గుంజు గుంజేవాడట.

ఇంట్లోనూ అదే వరస. కుళాయి, సైకిలు, స్కూటరు, చివరికి ఆవకాయ సీసా మూత. నాన్న పెట్టిన మూత తియ్యాలంటే నాన్న షిఫ్టు నుంచి వచ్చేదాకా అమ్మ పప్పన్నంతో సరిపెట్టుకోవాలి. మేం నవ్వేవాళ్ళం గాని, ఆయన పిచ్చికి ఒక కారణం ఉంది. వేరే గ్యాంగు వాళ్ళు వదులుగా వదిలేసిన బోల్టు వల్ల ఆయన స్నేహితుడు చిన్నారావు బాబాయి రెండు వేళ్ళు పోయాయి. రక్తం కారే ఆ చేతిని పట్టుకుని ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది నాన్నే.

నేను పదో తరగతి అయ్యాక ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడులో చేరాను. కాలనీలో ఆడవాళ్ళు "కుట్టుమిషను సీట్లు అయిపోయాయేటమ్మా" అని జాలిపడేవారు. అయిపోలేదండీ, నాకు సూదిలో దారం ఎక్కదు అనేదాన్ని. రెండేళ్ళు చదివి పాసై, ఊరి చివర హథ్‌ఖోజ్‌లో కొత్తగా తెరిచిన కార్ల సర్వీసు వర్క్‌షాపులో ఏడాది అప్రెంటిస్‌గా చేరాను. నన్ను అక్కడిదాకా తీసుకెళ్ళింది నాన్నే అని కూడా చెప్పాలి. ఆడపిల్లకి ఈ పనేమిటని ఆయన ఒక్కసారీ అనలేదు. చిన్నప్పటి నుంచి పానా నా చేతికిచ్చి, గుంజవే, ఇంకా గుంజు అని నేర్పింది ఆయనే.

ఐటీఐ కాగితం ఉన్నవాళ్ళు దుర్గ్, భిలాయిల్లో వీధికి నలుగురు. ఆ కాగితంతో హెల్పరు పని దొరుకుతుంది, అంతే. కార్ల కంపెనీ వాళ్ళ ట్రైనింగ్ సెంటరు ఢిల్లీ దగ్గర ఉంది. కొత్తరకం ఇంజన్లు, వాటి వైరింగు, అన్నీ అక్కడే నేర్పుతారు. అక్కడికి వెళ్ళొస్తేనే టెక్నీషియన్ అనే పేరు, బండి కాగితాల మీద మన సంతకం. ఆ ఏడు మా వర్క్‌షాపుకి ఒక్క సీటు ఇచ్చారు. అప్రెంటిస్‌లం ఇద్దరం. నేను, దుర్గ్‌లో కిరాణా కొట్టు వాళ్ళబ్బాయి యుగంధర్. ఆగస్టు ఆఖర్లో నాగపూర్ నుంచి కంపెనీ మనిషి వచ్చి పరీక్ష పెడతాడన్నారు. నాకు ఆ సీటు కావాలి. అంత గట్టిగా దేన్నీ నేను అంతకుముందు కోరుకోలేదు.

నా జబ్బేమిటో వర్క్‌షాపులో చేరిన కొత్తలోనే బయటపడింది. నాది నాన్న చెయ్యి. ఇంజను కింద నూనె వదిలే బిరడాని బిగించి బిగించి దాని మర తినేశాను. ఓనరు లక్ష్మీప్రసాద్ గారిది బొబ్బిలి వైపు నుంచి వచ్చిన కాంట్రాక్టర్ల కుటుంబం. మన పిల్లే కదా అని చేర్చుకున్నవాడు, ఇంకోసారి మర పోతే సీటు మాట మర్చిపొమ్మని అందరి ముందూ అనేశాడు.

తిట్టకుండా నేర్పింది పెద్ద మెకానిక్ బలరాం భయ్యా. ఆయన నన్ను నోనీ అని పిలిచేవాడు. ఛత్తీస్‌గఢీలో అమ్మాయి అని అర్థం. ఇంజను పైభాగాన్ని హెడ్డు అంటారు, అది అల్యూమినియంతో చేసింది, ఇనుముని దబాయించినట్టు దాన్ని దబాయిస్తే కుదరదు అని చెప్పి, టార్క్ రెంచి చేతికిచ్చాడు. అది కూడా పానాయే. ఎంత బిగించాలో ముందే పిడి దగ్గర తిప్పి పెట్టుకుంటాం. అంత బిగువు రాగానే టక్ మంటుంది. అక్కడ ఆపెయ్యాలి. మధ్య బోల్టు నుంచి మొదలుపెట్టి చివరలకి వెళ్ళాలి, ఒకేసారి కాకుండా విడతలు విడతలుగా. వినడానికి ఇంతే. నా చేతికి మాత్రం టక్ మన్న తర్వాత కూడా ఇంకో గుంజు గుంజాలనిపించేది. ఆ గుంజుని మాన్పించుకోవడానికి నాకు చలికాలం, ఎండాకాలం రెండూ పట్టాయి.

ఈ రెంచి గురించి చెబితే నాన్న నవ్వాడు.

"ఏటే, చాలు అని చెప్పడానికి కూడా మిషనే కావాలేటి? మరి నీ సెయ్యి ఎందుకు?"

"ఎక్కువ బిగిస్తే పాడైపోతాది నాన్నా."

"ఒదులైతే పాడవుద్ది గాని, బిగిస్తే పాడవుద్దేటి? నా బోల్టు ఊడినాదని ప్లాంటులో ఎవడైనా అన్నాడా ఇన్నాళ్ళూ?"

ఎవడూ అనలేదు. అదే చిక్కు. నేను ఎంత చెప్పినా ఆయన దృష్టిలో మా వర్క్‌షాపు ఆడుకునే సామాను. ఆ ఏడాదంతా ఇద్దరం వాదించుకుంటూనే ఉన్నాం గాని, అందులో విసురే తప్ప విషం లేదు.

పరీక్షకి వచ్చినాయన పేరు శ్యామసుందర్. సన్నగా, ఇస్త్రీ నలగకుండా ఉండేవాడు. అప్పటికి ఒక స్కూలువాళ్ళ వ్యాన్లు రెండు ఇంజను పనికి వచ్చి ఉన్నాయి. పనికి పని, పరీక్షకి పరీక్ష అని లక్ష్మీప్రసాద్ గారు వాటినే మా ఇద్దరికీ చెరొకటి ఇప్పించాడు. మొదటిరోజు హెడ్డు బిగించి పెట్టాలి. మర్నాడు పొద్దున శ్యామసుందర్ గారు ప్రతి బోల్టూ చూస్తారు. అది బాగుంటే ఇంజనుని వ్యానులో ఎక్కించి సాయంత్రానికి స్కూలుకి పంపాలి. ఎవరి పని వాళ్ళే చెయ్యాలి, వేరే చెయ్యి పడిందంటే పరీక్ష రద్దు అని ఆయన ముందే చెప్పాడు.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన. నా ఇంజను బల్ల మీద, యుగంధర్‌ది షెడ్డు అవతలి చివర. నేను ఇంజను మీద పల్చటి కొత్త గాస్కెట్టు పరిచి, హెడ్డు దించి, మధ్య నుంచి వరసగా బిగించుకుంటూ పోయాను. ఆఖరి విడత అయ్యేసరికి చెయ్యి ఒక్కసారి కూడా అదుపు తప్పలేదు. టక్ మనగానే ఆగింది. చివర్న, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు కూడా హెడ్డులో ఎక్కించాను. బలరాం భయ్యా దూరం నుంచే తల ఊపాడు. నాకు ఎగరాలనిపించింది.

రోడ్ల మీద నీళ్ళు నిలిచాయని నాన్న ఫస్ట్ షిఫ్టు దిగి స్కూటరు మీద నాకోసం వచ్చాడు. రెయిన్‌కోటు కారుతూ షెడ్డులో నిలబడ్డాడు. ఇదిగో ఇదే నాది అని ఇంజను చూపించి, నేను కిరసనాయిలుతో చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోవడానికి వెనక్కి వెళ్ళాను. బలరాం భయ్యా, శ్యామసుందర్ గారు అవతల యుగంధర్ దగ్గర ఉన్నారు. నేను తిరిగి వచ్చేసరికి నాన్న బల్ల పక్కనే ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. నా పని చూసి మురిసిపోతున్నాడనుకున్నాను. దారంతా వానలో కూనిరాగం తీస్తూ స్కూటరు నడిపాడు.

సంగతి తెలిసింది అన్నాల దగ్గర. అమ్మ ఎండు నెత్తళ్ళ పులుసు పెట్టింది. రేపటి గురించి నాకు కంగారుగా ఉందని నేనంటే, నాన్న అన్నం కలుపుతూ అన్నాడు.

"నీకేటి బయం? నీ పనికి ఆఖరి పట్టు నానేసీసాను."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముద్ద కంచంలో పడిపోయింది. దేంతో అని అడిగాను. గోడకి పెద్ద పానా ఉంది కదా, పక్కనే గొట్టం కూడా ఉంది, దాంతోనే అన్నాడు. కొన్ని బోల్టులు కదిలాయట. నా చెయ్యి నొప్పెట్టి సరిగా బిగించలేకపోయాననుకున్నాడట. "ఆ పెలగ్గులు కూడా చూసీసాను" అన్నాడు, ఇంకా మంచి కబురు చెబుతున్నట్టు.

నేను అరిచాను. నా జన్మలో నాన్న మీద గొంతెత్తింది అప్పుడే. నా ఏడాదంతా బూడిద చేశావన్నాను. ఎవడు ముట్టుకోమన్నాడన్నాను. "కంచం ముందు ఏటే ఆ మాటలు" అని అమ్మ అంటున్నా ఆగలేదు. హెడ్డుకీ కింద ఇంజనుకీ మధ్య గాస్కెట్టు పల్చగా ఉంటుందని, అది ఎక్కువ నలిగితే కొన్నాళ్ళకి కాలిపోతుందని, ఇంజను దారిలో ఆగిపోతుందని, ప్లగ్గులు కూర్చునే చోట మర పోతుందని ఏడుస్తూ చెప్పాను. నాన్న మొదట ఒప్పుకోలేదు. ఇనుముకి లేని బాధ దానికేటని అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, పొద్దున్నే వెళ్ళి కాస్త వదులు చేసెయ్యమన్నాడు. నలిగిన గాస్కెట్టు మళ్ళీ లేవదు, షెడ్డు తాళం పొద్దున ఓనరు వస్తేగాని తియ్యరు, ఎవరి కంటా పడకుండా వదులు చేస్తే అది దొంగతనం అన్నాను.

"రేపు ఆయన ఎలగ సూస్తాడు?" అన్నాడు నాన్న.

"టార్క్ రెంచితో."

"మరి అది ఏటంటాది?"

అప్పుడు తట్టింది నాకు. వదులుగా ఉన్న బోల్టుని ఆ రెంచి పట్టిస్తుంది. మరీ బిగిసిపోయినదాన్ని పట్టించదు. దాని మీద పెట్టగానే టక్ మంటుంది, అంతే. శ్యామసుందర్ గారు వరసగా టక్ టక్ మనిపించుకుని నాకు మార్కులు వేసేస్తాడు. గాస్కెట్టు పోయేది ఎప్పుడో, అప్పటికి నేను ఢిల్లీ దగ్గర ఉంటాను. ఇదంతా పైకి చెప్పేశాను.

"అయితే పాసే కదేటి?" అన్నాడు నాన్న.

"పాసే."

అమ్మే అడిగింది.

"ఆ యాను ఎవులిదే?"

"స్కూలు పిల్లల్ది."

అమ్మ పులుసు గిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నాన్న సగం తిన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. ఆయన మీద నాకు అప్పుడు కోపం కాదు, అసహ్యం వేసింది. నిజమైన మాట అదే. అంత ప్రేమ ఎవరడిగారు అనిపించింది.

పొద్దున ప్లాంటు సైరను మోగింది. నాన్న షిఫ్టుకి వెళ్ళలేదు. జ్వరం వచ్చినా మానని మనిషి, ఖాకీ బట్టలు వేసుకుని స్కూటరు బయటికి తీసి, ఎక్కు అన్నాడు. ఎక్కాను. దారిలో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. శ్యామసుందర్ గారికి చెప్పెయ్యాలని ఒకసారి, నోరు మూసుకోవాలని ఒకసారి, హథ్‌ఖోజ్ చేరేదాకా అలాగే ఊగాను.

నన్ను దింపి ఆయన వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. షెడ్డు నేల మీద పసుపు గీత ఒకటి ఉండేది, పని చెయ్యనివాళ్ళు అది దాటకూడదు. ఆ గీత అవతల హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

శ్యామసుందర్ గారు ముందు యుగంధర్ పని చూశాడు. వాడిది ఒక బోల్టు కాస్త వదులుగా ఉంది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చాడు. మధ్య బోల్టు మీద రెంచి పెట్టాడు. టక్. దాని పక్కది టక్. ఒక్కటీ కదలలేదు. లక్ష్మీప్రసాద్ గారు మన పిల్ల కదా అన్నట్టు నవ్వాడు. ఆఖరి బోల్టు కూడా టక్ మన్నాక శ్యామసుందర్ గారు "బహుత్ అచ్ఛా" అని జేబులోంచి పెన్ను తీశాడు.

నేను నాన్న వైపు చూశాను. చెప్పమని గాని, వద్దని గాని ఆయన మొహంలో ఏమీ లేదు. నాకేసి కూడా చూడటం లేదు. ఇంజనునే చూస్తున్నాడు.

"సార్, ఇది నా బిగింపు కాదు" అన్నాను. "నేను బిగించాక వేరే చెయ్యి పడింది. అన్నీ ఎక్కువ బిగిసిపోయాయి."

ఎవరిదని అడిగాడు ఆయన. నాన్న గీత దాటి లోపలికి వచ్చాడు.

"మేరా హై, సాబ్" అన్నాడు.

లక్ష్మీప్రసాద్ గారు తిట్టబోతే శ్యామసుందర్ గారు ఆపాడు. ఆయనకి కోపం వచ్చినట్టు కూడా లేదు. బిగించిన మీరే విప్పండి అని పానా నాన్న చేతికిచ్చాడు. హెడ్డు బోల్టులు కీచుమని అరుస్తూ వదిలాయి. తర్వాత ప్లగ్గులు. ఒక ప్లగ్గు ఎంత తిప్పినా ఉత్తినే తిరిగింది. చివరికి లాగితే ఊడి వచ్చింది, దాని చుట్టూ వెండి తీగలాగా అల్యూమినియం మర చుట్టుకుని ఉంది. నాన్న ఆ తీగని అరచేతిలో వేసుకుని గోటితో నొక్కాడు. అది తెగిపోయింది.

"ఇత్నా నరమ్?" అన్నాడు బలరాం భయ్యాతో. ఇంత మెత్తనా అని. బలరాం భయ్యా తల ఊపాడు.

నా పరీక్ష రద్దయింది. సీటు యుగంధర్‌కి వెళ్ళింది. వాడి తప్పేం లేదు, అయినా ఆ పూట వాడి మొహం చూడలేకపోయాను. మరుసటి ఏడు మళ్ళీ పిలుస్తామని శ్యామసుందర్ గారు అన్నాడు, పిలిచారు కూడా, నేను వెళ్ళాను. కాని ఆ ఉదయం మరుసటి ఏడు అనే మాట నాకు ఎందుకూ పనికిరాలేదు. గోడ వైపు తిరిగి ఏడ్చాను.

స్కూలువాళ్ళకి వ్యాను ఎలాగైనా ఆ సాయంత్రానికే కావాలి. ఏడుపు తర్వాత, ముందు పని చూడమన్నాడు లక్ష్మీప్రసాద్ గారు. మళ్ళీ కొత్త గాస్కెట్టు, పాడైన రంధ్రంలో కొత్త మర. నాన్న ఆయన దగ్గరికి వెళ్ళి, పని అయ్యేదాకా ఉండనివ్వమని అడిగాడు. మా నాన్న ఎవరినీ ఏదీ అడగగా నేను చూడలేదు. దేన్నీ ముట్టుకోకూడదనే షరతు మీద ఆయన ఒప్పుకున్నాడు. నాన్న ఖాళీ నూనె డ్రమ్ము మీద కూర్చున్నాడు.

బలరాం భయ్యా పక్కన ఉండి చెబుతుంటే నేను చేశాను. పాడైన రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులో సన్నటి స్టీలు తీగ చుట్ట ఎక్కించాలి. చెయ్యి వణికితే మొత్తం హెడ్డే పోతుంది. మధ్యాహ్నం నాన్న అన్నానికి లేవలేదు, నేనూ లేవలేదు. ఆయన వైపు చూడకుండా పని చేశాను. చుట్ట ఎక్కించి ఊపిరి పీల్చుకుంటుంటే వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"గట్టిగా బిగించమని నేర్పినోళ్ళు శానామంది ఉన్నారు నాకు. ఎక్కడ ఆపాలో ఎవుడూ నేర్పలేదే అమ్మా. మాకా అవసరం రానేదు."

నా కోపం ఒక మాటకి దిగే రకం కాదు, అది కూడా ఆయన పోలికే. కొత్త గాస్కెట్టు మీద హెడ్డు దించాను. మధ్య నుంచి మొదటి విడత, తర్వాత రెండోది. ఆఖరి విడతలో ఒక్కొక్కటే టక్ మంటూ వచ్చింది. ఇంకొక్క బోల్టు ఉందనగా చెయ్యి ఆగిపోయింది. ఎందుకో నాకిప్పటికీ తెలియదు. వెనక్కి తిరిగి రెంచి ఆయన వైపు చాపాను.

"ఇది నువ్వు బిగించు. టక్ మంటే ఆపాలి."

నాన్న ఓనరు గది వైపు చూశాడు. బలరాం భయ్యా అప్పుడే ఏదో కావాల్సి వచ్చినట్టు అవతలికి వెళ్ళిపోయాడు. నాన్న లేచి వచ్చి రెంచి అందుకున్నాడు. బోల్టు మీద పెట్టి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా లాగాడు. టక్ మంది.

ఆగాడు. భుజం ఇంకా బిగుసుకునే ఉంది. ఇంకో గుంజు ఆయన చేతిలో సిద్ధంగా ఉండటం నాకు కనిపిస్తూనే ఉంది.

"చాలా?" అన్నాడు. గ్యాంగులో కొత్తగా చేరిన కుర్రాడు పెద్దవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

నాకు ఇంకా ఏడుపు వస్తూనే ఉంది, కోపమూ తగ్గలేదు.

"చాలు నాన్నా" అన్నాను.

ఆయన చెయ్యి తీసేశాడు.